అత్త వెతికిన ఇంజను

మొన్న నా కూతురు నన్ను నాచారంలో కొత్తగా పెట్టిన ఒక కాఫీ హోటలుకు తీసుకెళ్లింది. ఎప్పుడో మూతబడ్డ ఫ్యాక్టరీ షెడ్డును బాగుచేసి పెట్టారట. అందులో బల్లలకు కాళ్లు లేవు. ఒకదాని కింద పాత కుట్టుమిషను ఉంది, ఇంకొకదాని కింద ఎడ్లబండి చక్రం. మాకు చూపించిన బల్ల కింద లారీ ఇంజను దిమ్మ ఉంది. దానికి టమాటా రంగు పూసి, పైన మందపాటి అద్దం పరిచారు.

కాఫీ వచ్చేసరికి నేను కుర్చీలో లేను. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి నేల మీద కూర్చుని ఆ దిమ్మ పక్కలు తడుముతున్నాను.

"ఏం పడిపోయిందమ్మా?" అంది కూతురు.

"ఏం పడలేదు. ఇది ఆరు సిలిండర్లది. పాతది. పైన ఒకటే పొడుగు మూత ఉండేది దీనికి. పంపు ఇటు పక్క బిగించేవాళ్లు, ఈ బోల్టు రంధ్రాలు చూడు."

పక్క బల్లవాళ్లు చూస్తున్నారు. నా కూతురూ చూస్తోంది, ఇంజనును కాదు, నన్ను. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన అమ్మే తనకు తెలుసు. "నీకివన్నీ ఎట్లా తెలుసు?" అంది.

"మా మేనత్త నేర్పింది," అన్నాను. ఆ పూట అంతకన్నా చెప్పలేకపోయాను. మొత్తం చెప్పాలంటే నేను చేసిన ఒక పని కూడా చెప్పాలి.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బాపుది రైల్వేలో షిఫ్టుల ఉద్యోగం. మల్కాజిగిరి క్వార్టర్లో నన్ను ఒక్కదాన్నే వదిలి డ్యూటీకి పోలేక, ఒక పొద్దున నా బట్టల సంచి సైకిలు హ్యాండిలుకు తగిలించి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఉప్పల్లో ఉండే తన అక్క దగ్గర దింపాడు.

అత్తకు పాత ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో, రేకుల కంచె లోపల, తలుపుల్లేని లారీ క్యాబిన్లు, లారీల కింద బిగించే కమాన్ పట్టీల గుట్టలు, నూనె కారే గేరుబాక్సులు. ఒక మూలన రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు కానుగ చెట్టు. మామ చనిపోయాక ఆయన అన్నదమ్ములు ఆయన లారీని అమ్మేసి, రోడ్డు పక్కన ఎవరికీ అక్కరలేని ఈ జాగా అత్తకు వదిలేశారు. ఇంకొకరైతే పుట్టింటికి వచ్చేసేవారు. అత్త రాలేదు.

"ఇనుము ముట్టకు బిడ్డా. గీసుకుంటే సూది ఏపియ్యాలె," అని బాపు నాకు చెబుతుంటే అత్త నవ్వింది.

"ఇనుము ముట్టకుంట నా ఇంట్ల ఎట్లుంటదిరా? నీళ్ల బిందె గుడ ఇంజను దిమ్మ మీదనే ఉంటది."

బాపు సైకిలు మలుపు తిరిగిందో లేదో, నా చేతికి తీగల బ్రష్షు ఒకటి ఇచ్చింది.

అత్త నల్లగా, ఎత్తుగా ఉండేది. చీర మీద మామ పాత ఖాకీ చొక్కా తొడుక్కునేది. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు: నాలుగు మూలల నాలుగు చుక్కలు, నడుమ ఒకటి. చిన్నప్పుడు తిరునాళ్లలో పొడిపించుకున్నదట. పొద్దున్నే జొన్నరొట్టె కాల్చి, ఎర్రకారం, పచ్చి ఉల్లిగడ్డ పెట్టేది. మధ్యాహ్నం బువ్వ, పచ్చిపులుసు. ఎంత తోముకున్నా మా చేతుల్లో మాడిన నూనె వాసన పోయేది కాదు, అది రొట్టెకూ అంటేది. కొన్నాళ్లకు ఆ వాసన లేకపోతే రొట్టె చప్పగా అనిపించేది నాకు. గాలి మళ్లితే నాచారం బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చేది. ఆ వాసన వచ్చినప్పుడల్లా అత్త పని ఆపి, కళ్లు మూసుకుని, "ఇగో, మనకు ఫుకట్‌ల నాష్టా, పైస ఖర్చు లేదు," అనేది.

దుకాణంలో అత్తకు తోడు ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు, నేను ఉస్తాద్ తాత అనేదాన్ని. వినికిడి కొంచెం తక్కువ. కానీ ఇంజను దిమ్మ మీద సుత్తితో చిన్నగా తట్టి, ఆ మోతను మాత్రం వేలికొసలతో వినేవాడు. "బోల్తా హై, బేటీ," అనేవాడు. మాట్లాడుతుందట.

ఆ దుకాణంలో ఇంజన్లకు రెండే దారులు. బాగున్నది ఎవరికో పనికొస్తుంది. పనికిరానిది సమ్మెట దెబ్బలకు ముక్కలై నాచారం ఫౌండ్రీకి పోయి కరిగిపోతుంది. ఏది ఎటు పోవాలో అత్త చెప్పేది. అందుకే ప్రతి ఇంజనునూ ముందు గుర్తుపట్టాలి. మట్టి, నూనె, గడ్డకట్టిన గ్రీజు కింద అది ఏ కాలందో, ఏ జాతిదో మొదట తెలియదు. నేను గ్యాసునూనె పోసి గీకాలి. కిరసనాయిలును అక్కడ అలాగే అంటారు.

"ముందుగాల ఏం లెక్కపెడ్తవ్?" అని అడిగేది అత్త.

"సిలిండర్లు."

"మూత మీదుంటే ఎట్ల కనబడ్తయే?"

"డీజిలు పంపు నుంచి పోయే సన్న పైపులు లెక్కపెడ్త. ఆరుంటే ఆరు."

"పంపే లేకపోతే?"

అప్పుడు అత్త నన్ను ఇంజను చుట్టూ తిప్పి చూపించేది. పాత పెట్రోలు లారీల ఇంజనుకు మూత చెక్కలా చదునుగా ఉండి, దాని మీద ఆరు ప్లగ్గులు వరసగా నిలబడి ఉంటాయి. డీజిలుదైతే దిమ్మ బరువు, గోడలు మందం. కొన్నింటికి ఆరు సిలిండర్ల మీదా ఒకటే పొడుగు మూత. కొన్నింటికి మూడింటి మీద ఒకటి, మూడింటి మీద ఒకటి, రెండు మూతలు. పంపు ఏ పక్కన ఉంది, గేర్లు ముందున్నాయా వెనకున్నాయా, గొలుసు ఉందా, అన్నీ చూడాలి. చివరికి అంకెలు.

"ఉబ్బెత్తుగ ఉన్న అంకెలు ఇనుము పోతపోసినప్పుడే వచ్చినయి. అవి జాతి చెప్తయి. లోపలికి గుద్దినయి వేరే, ఈ నున్నటి జాగల ఉంటయి. అవి గీ ఒక్క ఇంజను పేరు. ఎన్ని లారీలు మారినా పేరు మారదు."

పగులు ఉందో లేదో చూడటం నాకు చాలా ఇష్టంగా ఉండేది. దిమ్మకు గ్యాసునూనె పూసి, కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దముక్క రుద్దాలి. కంటికి కనబడని పగుల్లోకి ఇంకిన నూనె మెల్లగా పైకొచ్చి, తెల్లటి సుద్ద మీద నల్లటి వెంట్రుకలా గీత పడుతుంది. మూత విప్పాక సిలిండరు పైఅంచున బొటనవేలి గోరుతో గీకితే అరిగినచోట మెట్టు తగులుతుంది. నా గోళ్లు చిన్నవి, ఉస్తాద్ తాతకు దొరకని మెట్టు నాకు దొరికేది. అలా దొరికిన రోజు నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

అల్లరికీ తక్కువ లేదు. బేరింగులు పగలగొట్టి లోపలి గుండ్లు తీసి, గోలీలకు బదులు అవే పెట్టి వీధి పిల్లలందరి గోలీలూ గెలిచాను. వాళ్ల గాజుగోలీలు నా ఇనుప గుండ్లకు తగిలి పగిలిపోయేవి. ఒక తల్లి వచ్చి అత్తతో కొట్లాడితే, అత్త ఆవిడకు చాయ్ పోసి, నేను గెలిచిన గోలీల డబ్బా మొత్తం ఆవిడ కొడుకు చేతిలో గుమ్మరించింది. ఇంకోసారి, ఆరు సిలిండర్లు ఏ వరసలో మండుతాయో ఉస్తాద్ తాత చెప్పాడు: ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. నేను నేల మీద ఆరు గళ్లు గీసి ఆ వరసలోనే కుంటాలని వీధి పిల్లలకు షరతు పెట్టాను. ఒకటి నుంచి ఐదుకు ఎగరబోయి అందరూ పడ్డారు, నేనూ పడ్డాను. ఉస్తాద్ తాత బీడీ పొగకు ఉక్కిరిబిక్కిరయ్యేదాకా నవ్వాడు.

అత్త చేసే ఒక పని మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. కొన్ని ఇంజన్లు వచ్చినప్పుడు తానే బ్రష్షు తీసుకుని కూర్చునేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. అంకెలున్న నున్నటి జాగా పక్కనే గీకి, గీకి, వంగి చూసి, లేచి, చేతులు దులుపుకుని వెళ్లిపోయేది. కొన్నింటినైతే ఆ పక్కకు తిప్పి కూడా చూసేది కాదు. ఎందుకో నేను అడగలేదు.

ఒక రోజు ఉస్తాద్ తాతే చెప్పాడు. మామకు ఇంజను పని కూడా వచ్చునట. తన లారీ ఇంజను మొదటిసారి విప్పి బిగించినప్పుడు, అంకెల పక్కన మొనతేలిన పంచుతో ఐదు చుక్కలు కొట్టాడట. అత్త చేతి మీద ఉన్నట్టే, నాలుగు మూలల నాలుగు, నడుమ ఒకటి. "నీ పేరు రాస్తే సిగ్గు పడ్తవు, గిదైతే మనకే తెలుస్తది," అని అత్తతో అన్నాడట. ఆ లారీ అమ్ముడుపోయింది, తర్వాత ఎక్కడో ముక్కలైంది. ఇంజను ఏమైందో తెలియదు. "ఢూండ్తీ హై," అన్నాడు తాత. వెతుకుతుందట.

నేను పరుగెత్తుకుని అత్త దగ్గరికి పోయి అడిగాను. "దొరికితే ఏం జేస్తవత్తా?"

అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఏం జేస్త? దాని పక్కన కూసుంట."

ఆ వారమే ఒక లారీ ఆయన వచ్చాడు. జనగామ దిక్కు మనిషి, ముప్పై ఏళ్లు ఉండవు, కళ్లు గుంటలు పడ్డాయి. ఆయన లారీ ఇంజన్లో రాడ్డు విరిగి దిమ్మ పక్కనుంచి బయటికి వచ్చేసిందట. పాత మోడలు కావటంతో కొత్త ఇంజన్లు దానికి కూర్చోవు. అటువంటిదే పాతది కావాలి. మూడు వారాల నుంచి ఊరంతా తిరుగుతున్నాడు. లారీ నాచారంలో ఒక షెడ్డు ముందు నిలబడి ఉంది. భార్య, ఏడాది నిండని పిల్ల ఆ లారీ క్యాబిన్లోనే ఉంటున్నారు.

"అక్కా, గసొంటిది ఎప్పుడొచ్చినా నాకే ఇయ్యాలె," అన్నాడు.

"ఇస్త తమ్మీ. మాట," అంది అత్త.

నాలుగు రోజులకే వచ్చింది. ఒక రాళ్ల క్రషరును నడిపిన ఇంజను. రాతిపొడి పేరుకుపోయి సున్నపు గుండులా ఉంది. నేను ఒక రోజంతా గీకాను. ఆరు సిలిండర్లు, పైన ఒకటే పొడుగు మూత. సుద్ద రుద్దితే గీత లేదు. మూత విప్పి చూస్తే గోరుకు మెట్టు తగల్లేదు. ఉస్తాద్ తాత తట్టి చూసి తల ఊపాడు. లారీ ఆయనకు కావలసింది సరిగ్గా అదే. కబురు పంపమని అత్త చెప్పింది.

ఆ సాయంత్రమే, చాయ్ తాగుతూ, అత్త ఉస్తాద్ తాతతో అన్న మాట నా చెవిన పడింది. "ఇగ దొరకది ఉస్తాద్. అది ఎప్పుడో కరిగిపోయుంటది. ఏ ఇంటి కిటికీ సలాకో, ఏ మోరీ మూతో అయ్యుంటది." మామూలుగానే అంది. చాయ్ పూర్తిగా తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. ఏడిస్తే నాకు అంత బాధ అయ్యేది కాదేమో.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. అత్త లోపల నడుం వాల్చింది. తాత నమాజుకు వెళ్లాడు. నేను పనిముట్ల డబ్బాలోంచి పంచు, చిన్న సుత్తి తీశాను. క్రషరు ఇంజను దగ్గర కూర్చుని, అంకెల పక్కన మొదటి చుక్క కొట్టాను. సుత్తి ఆపి ఇంటి వైపు చెవి పెట్టాను. లోపల అత్త కదల్లేదు. రెండు, మూడు, నాలుగు. నడుమ ఒకటి. చుక్కలు కొత్త సూదిమొనల్లా తెల్లగా మెరిశాయి. పొయ్యిలోని బూడిద, మాడిన నూనె కలిపి రుద్దాను. నల్లబడ్డాయి.

అత్త మీద ప్రేమతో చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఇన్నేళ్లుగా ఎవరికీ దొరకనిది నాకు దొరికిందని అనిపించుకోవాలన్నది మిగతా సగం.

మరుసటి రోజు పొద్దున, "అత్తా! అత్తా! ఇటు రా!" అని అరిచాను.

అత్త పిండి చేతులతోనే వచ్చింది. నేను చూపించాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చేతులు కొంగుకు తుడుచుకుని, బొటనవేలు ఆ చుక్కల మీద ఆనించింది. అలాగే చాలాసేపు ఉంచింది. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వే సూసినవా?"

"ఆ."

"మంచిగ సూసినవ్ బిడ్డా," అంది.

ఆ ఇంజనును కానుగ చెట్టు కిందికి జరిపించింది. మధ్యాహ్నం చాయ్ దాని పక్కనే కూర్చుని తాగింది. నాతో మామ సంగతులు చెప్పింది. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. మామకు మామిడికాయ తొక్కంటే ప్రాణమట. లారీ దిగగానే కాళ్లు కడుక్కోకుండానే గిన్నెలో వేలు పెట్టేవాడట. పాట పాడితే కుక్కలు మొరిగేవట. అత్త నవ్వుతుంటే నేనూ నవ్వాను, కానీ ఆ ఇంజను వైపు చూడలేదు. ఉస్తాద్ తాత ఆ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, నన్ను చూసి, తన పని చేసుకోసాగాడు.

లారీ ఆయన ఆ సాయంత్రమే ఆశగా వచ్చాడు. అత్త ఆయన మొహం చూడకుండా, "జర రెండు దినాలాగు తమ్మీ," అంది. ఆయన చెట్టు కింద ఉన్న ఇంజను చూశాడు. సరేనని తల ఊపి వెళ్లిపోయాడు.

రెండు రోజులూ ఆగి, మూడో రోజు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య కూడా వచ్చింది, చంకలో పిల్లతో. పిల్ల ఒంటినిండా చెమటకాయలు. ఆ రేకుల క్యాబిన్లో పగలు ఎంత వేడి ఉంటుందో నాకు తెలుసు, అటువంటి క్యాబిన్లలోనే మేం దాగుడుమూతలు ఆడేవాళ్లం.

"అక్కా, నాకు కిరాయిలిచ్చే ఇటుక బట్టీ ఆయన రేపటిదాకనే సూస్తనన్నడు. ఎల్లుండి నుంచి ఇంకో బండి పెట్టుకుంటడట," అన్నాడు లారీ ఆయన. "నువ్వు ఇయ్యనంటే నేనేం అనను. నీ సామాను, నీ ఇష్టం. గట్లయితే నా బండి గుడ నువ్వే తీస్కో. ఇగ దాన్ని కోసుకో."

ఆ మాట ఆయన తేలిగ్గానే అన్నాడు. భార్య మాత్రం పిల్లను భుజం మార్చుకుని పక్కకు తిరిగింది.

అత్త నేల చూస్తూ నిలబడింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆమే ఏదో అనేది. నేను ఆగలేకపోయాను.

"అది మామది కాదు! నేనే కొట్టిన! ఆ చుక్కలు నేనే కొట్టిన!"

ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఉస్తాద్ తాత చేతిలోని పానా కింద పెట్టాడు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"తెలుసు బిడ్డా," అంది అత్త.

నేను కళ్లు తెరిచాను.

"మీ మామ ఇంజనుకు రెండు మూతలు. దీనికి ఒకటే. అసలు జాతే వేరు. మరి నీకు నేనేం నేర్పిన?" అత్త నా దగ్గరికొచ్చి చొక్కా చేతితో నా ముక్కు తుడిచింది. "పాత దెబ్బైతే లోపల తుప్పుంటది. గిది బూడిద. నేను సేతితోని ముట్టంగనే ఊడొచ్చింది."

"మరి... మరి ఎందుకు చెప్పలే?"

అత్త చెట్టు కింది ఇంజను వైపు చూసింది.

"ఏమో. రెండు దినాలు తెల్వనట్టు ఉండబుద్ధయింది."

లారీ ఆయనకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అత్త ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "తమ్మీ, పోరి తప్పు పోరిది. మాటిచ్చి నిన్ను మూడు దినాలు ఊకె తిప్పిన తప్పు నాది. పసిపిల్లను ఎండల పెట్టిన. తీస్కపో. ఉస్తాద్ వచ్చి బిగిస్తడు." ఆయన, "అయ్యో, గట్లనకు అక్కా," అంటూ ఆమె చేతులు కిందికి దించాడు.

నాకు శిక్ష లేకపోలేదు. ఆ రోజంతా ఆ ఇంజను ఆరు సిలిండర్లూ గుడ్డ పెట్టి తుడిచి, పంపు పైపులు ఆరూ ఊది శుభ్రం చేసి, నా చేతులతోనే లారీ ఆయనకు అప్పజెప్పాలి. అప్పజెప్పాను. "చుక్కలు ఆకురాయితోని రుద్దెయ్యాల్నా అక్కా?" అని ఆయన అడిగాడు. "ఉండనియ్యి. ఏం జేస్తయి?" అంది అత్త. ఆయన భార్య నన్ను దగ్గరికి పిలిచి, చంకలోని పిల్లను నాకు ఎత్తుకోవడానికి ఇచ్చింది. క్షమించింది అని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంజనును నాచారం షెడ్డుకు చేర్చడం, చైన్ కప్పీ వేసి ఎత్తడం, లారీలో దించడం, గేరుబాక్సు కలపడం, ఆ రోజు పొద్దు గూకేవరకు, మర్నాడు మధ్యాహ్నం వరకు పట్టింది. ఇటుక బట్టీ ఆయనకు లారీ ఆయన ముందే వెళ్లి చెప్పి వచ్చాడు. ఉస్తాద్ తాత పైపుల్లోంచి గాలి తీసి, "మారో," అని అరిచాడు, క్యాబిన్లో కూర్చున్న లారీ ఆయనను స్టార్టు చెయ్యమని. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ కక్కి, మూడోసారి అందుకుంది. మొదట కుంటుతున్నట్టు కొట్టుకుంది, తర్వాత ఆరూ కలిసి ఒకటే ధార అయింది. తాత మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. లారీ ఆయన స్టీరింగు చక్రం మీద తల ఆనించాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కనబడలేదు.

ఆయన తాతను, నన్ను, భార్యాబిడ్డలను ఎక్కించుకుని, లారీని తోలుకుంటూ మా దుకాణం ముందుకొచ్చి ఆపాడు. "అక్కా, ఎక్కు. నారపల్లి దాక పోయి డీజిలు పోస్కొని వస్త. నీ సేతి ఇంజను, నువ్వే ముందుగాల కూసోవాలె."

"నేనా?" అంది అత్త. "నేను లారీ ఎక్కుడా?"

అప్పుడు తెలిసింది నాకు. పెళ్లయిన అన్నేళ్లలో అత్త ఒక్కసారి కూడా మామ లారీ ఎక్కలేదు. ఎక్కుతానంటే, ఈ ట్రిప్పు కాదు వచ్చే ట్రిప్పు అనేవాడట మామ. రోడ్డు మలుపులో లారీ చప్పుడు వినగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేదట. చప్పుడు పోల్చుకోవడం అక్కడే నేర్చుకుంది. ఇంజన్లన్నీ ఆమె బయట నిలబడి విన్నవే.

ఖాకీ చొక్కా తీసి లోపల పెట్టి, మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని వచ్చింది. ఎత్తయిన మెట్టు ఎక్కలేకపోతే నేను వెనక నుంచి తోశాను. ఆయన భార్య, పిల్ల మా ఇంట్లో ఆగారు. లారీలో ఆయన, అత్త, నేను. మా నడుమ ఇంజనును కప్పే వేడి రేకు. అత్త దాని మీద చెయ్యి పెట్టి తీసి, మళ్లీ పెట్టింది.

లారీ ఉప్పల్ చౌరస్తా దాటి వరంగల్ రోడ్డు ఎక్కింది. అప్పట్లో అక్కడ ఇంత రద్దీ లేదు. నాలుగు బస్సులు, కల్లు కుండల సైకిళ్లు. "ఈడ దిగుతమా అత్తా?" అన్నాను, ఇంటికి నడిచిపోవచ్చని. "ఇంకొంచెం," అంది. పీర్జాదిగూడ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా ఆవిరి పైకి లేస్తున్న చేలు. గాలి క్యాబిన్లోకి దూసుకొచ్చి ఆమె జుట్టు ముడి విప్పేసింది. ఆమె పట్టించుకోలేదు. అద్దం లోంచి రోడ్డును కాక, రోడ్డు చివరను చూస్తున్నట్టు చూసింది.

నారపల్లిలో డీజిలు పోసుకున్నాక లారీ ఆయన బండి వెనక్కి తిప్పడానికి చక్రం పట్టుకున్నాడు. అత్త ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత అత్త వెతకడం మానేసిందని చెప్పలేను. రెండు మూతల ఇంజను వస్తే బ్రష్షు తీసుకునే కూర్చునేదని బాపు చెప్పేవాడు. ఆ ఎండాకాలం చివర నాకు తమ్ముడు పుట్టాడు, నేను మల్కాజిగిరికి వెళ్లిపోయాను. సెలవుల్లో వచ్చి పోతుండేదాన్ని, తర్వాత అదీ తగ్గింది. ఉస్తాద్ తాత పోయాడు. పాత లారీలు రావడం తగ్గిపోయింది, ఆ జాగా చుట్టూ ఇళ్లు లేచాయి, దుకాణం మూతబడింది. అత్త చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండింది. మామ ఇంజను దొరకలేదు.

అయినా అత్తను తలుచుకుంటే నాకు బ్రష్షు పట్టుకుని వంగి ఉన్న మనిషి గుర్తుకు రాదు. వరంగల్ రోడ్డు మీద, మధ్యాహ్నపు ఎండలో, జుట్టు ఎగురుతుండగా లారీ ఆయన చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ అడిగిన మనిషి గుర్తుకొస్తుంది.

"ఇప్పుడే మలపకు తమ్మీ. ఇంక జర దూరం పోనియ్యి."

ఆయన నవ్వి, చక్రం తిప్పకుండా గేరు వేశాడు, లారీ ముందుకే కదిలింది.